తొట్లకొండ మీద మొదటి విస్తరి

తొట్లకొండ మీదకొచ్చి, చుట్టూ ఒకసారి చూసి, "ఇక్కడ రాళ్ళు తప్ప ఏముందండీ?" అని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఆ కొండ మీద గైడుని. మద్దిలపాలెంలో బస్సెక్కి వచ్చే కాలేజీ పిల్లలకి, ఆదివారాలు అచ్యుతాపురం ఫ్యాక్టరీల నుంచి పెళ్ళాం పిల్లల్ని బండి మీద ఎక్కించుకొచ్చే కుర్రాళ్ళకి, పెళ్ళి కాకముందే పెళ్ళి ఫొటోలు తీయించుకునే జంటలకి, అందరికీ చూపించేది నేనే. ఇది పెద్ద స్తూపం, ఇవి భిక్షువులు పడుకున్న గదులు, ఇవి వాననీళ్ళు పట్టుకోవడానికి బండలో తొలిచిన తొట్లు, కొండకి ఆ పేరు వీటి వల్లే వచ్చింది, ఇదిగో ఇది భోజనశాల, అని మా ఇల్లు చూపించినట్టు చూపిస్తాను. గోడ మీద కాలు పెట్టి ఫొటో దిగబోతే గొంతు పెంచుతాను. కొందరు జడుసుకుంటారు. జడుసుకోనీ, కాలు కిందకి దిగుతుంది కదా.

మా ఇల్లు అని ఊరికే అనలేదు. కొండ దిగితే భీమిలి రోడ్డు, రోడ్డు దాటితే మా పేట, పేట దాటితే సముద్రం. వేటకెళ్ళి తిరిగొచ్చే మా వాళ్ళకి ఇళ్ళ కంటే ముందు కనిపించేది ఆ కొండే. కొండ కనిపించిందంటే ఇక కూడు తిన్నట్టే అంటారు మా పేటలో. రెండు వేల ఏళ్ళ కిందట ఎక్కడెక్కడి నుంచో ఓడల్లో వచ్చిన సన్యాసులకీ ముందు అదే కనిపించి ఉంటుందని నేను సందర్శకులకి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నా ఛాతీ కాస్త పొంగుతుంది. దాచుకోవడం నాకు చేతకాదు.

మా అమ్మదీ ఆ కొండ మీదే పని. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి ఆవరణంతా ఊడుస్తుంది. భిక్షువుల గదులకి ఇప్పుడు పునాదులే మిగిలాయి, గోడలు మోకాలెత్తు కూడా లేవు. అయినా అమ్మ ప్రతి గది ముందూ ఒక్క క్షణం ఆగి, "లోనికొత్తన్నాను బాబూ" అని గడప ఉండాల్సిన చోటు నుంచే అడుగు పెడుతుంది. గోడ మీదుగా దాటదు.

"గోడలే నేవు. నీకు లోపలేటి, బయటేటి?" అని ఏడిపించాను ఒకసారి.

"మడుసులు పడుకున్న సోటు కాదేటే? సెప్పి ఎల్తే నీ సొమ్మేటి పోతాది?" అంది చీపురు ఆపకుండానే.

ఆ తర్వాత నేను కూడా సందర్శకుల్ని గడప వైపు నుంచే తీసుకెళ్తున్నాను.

మా పేటలో ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే నేను చెప్పబోయేది సగమే తెలుస్తుంది. పడవ ఒడ్డుకొచ్చి వల దులిపేటప్పుడు, ఇంట్లో వేటకెళ్ళే మగమనిషి లేనివాళ్ళు గిన్నె పట్టుకుని కాస్త ఎడంగా వచ్చి నిలబడతారు. దాన్ని కూరకి నిలబడ్డం అంటారు. నిలబడ్డవాళ్ళు అడగరు. పడవ వాళ్ళు పలకరించరు. చేతికందిన చేపలు గిన్నెలో వేసి వాళ్ళ పనిలో వాళ్ళు పడతారు. ఏం వేశారని చూడకూడదు, ఎవరు వేశారని గుర్తు పెట్టుకోకూడదు. అది ముష్టి కాదు. ఎవరైనా ముష్టి అన్నారో, పళ్ళు రాలగొడతారు.

నాన్న పోయాక అమ్మ చాలా ఏళ్ళు అలా నిలబడింది. గిన్నె ముందుకి చాపేది కాదు. పొట్టకి ఆనించుకుని, చూపు కిందకి దించి, వెన్ను నిటారుగా పెట్టి నిలబడేది. దూరం నుంచి చూసేవాళ్ళకి ఆ పడవ ఆవిడదేనేమో అనిపించేది. ఆ చేపలు తినే నేను పెరిగాను, డిగ్రీ చదివాను. మా అమ్మ అలా నిలబడిందని నలుగురిలో చెప్పుకోవడానికి నాకు ఏనాడూ సిగ్గు లేదు.

మొన్న చలికాలంలో శ్రీలంక నుంచి అయిదుగురు భిక్షువులు కొండ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. నేను గైడునయ్యాక పాదాలకి అంటుకున్న దుమ్ముతో సహా నిజమైన భిక్షువులు ఆ కొండెక్కడం అదే మొదలు. రాళ్ళ గురించి ఏళ్ళుగా చెబుతున్నాను గానీ, ఆ రాళ్ళ మధ్య నడవాల్సిన మనుషుల్ని నేనూ చూడలేదు. వాళ్ళని తీసుకొస్తున్న తెలుగాయన ఫోన్లో మాట్లాడుతూ, మధ్యాహ్నం తిండికి హోటల్ పొట్లాలు తెచ్చుకుంటామన్నాడు.

ఈ మాట పేట పెద్ద చెవిన పడింది. ఆయన మా నాన్నకి అన్న, నాకు పెదనాన్న. పెద్ద తలపాగా, అంతకన్నా పెద్ద గొంతు. గంగమ్మ గుడి అరుగు మీద పేటనంతా కూడగట్టాడు.

"మన కొండ మీదకొచ్చి హోటలు పొట్లాం తిని ఎల్లిపోతారేటి? మరి పేట ఉన్నట్టా, సచ్చినట్టా? ఆళ్ళకి మనమే కూడెడదాం."

అందరూ సరే అన్నారు. నాకైతే పెదనాన్న బుగ్గలు పుణకాలనిపించింది. ఆ క్షణమే తెలుగాయనకి ఫోన్ చేసి, మా పేట భోజనం పెడుతుంది, పొట్లాలు వద్దు, అని చెప్పేశాను. ఆయన ఒక్క షరతు పెట్టాడు. ఎండ నడినెత్తికి వచ్చాక, అంటే పన్నెండు దాటాక, భిక్షువులు మెతుకు ముట్టరు. మళ్ళీ మర్నాడు పొద్దున్నే.

"పన్నెండు దాటితే తినరంట పెదనాన్నా."

"ఎందుకు దాటతాది? పదకొండుకే కొండ మీద ఉంటాం, సూడు."

సాములంటే మా వాళ్ళకి తెలిసింది మాలేసుకున్న సాములే. కాబట్టి పేటలో ముందు రోజు సాయంత్రం నుంచే నీచు బందు. కొత్త కుండలు, పులిహోర, ముద్దపప్పు, దప్పళం, పరమాన్నం. ఉల్లిపాయ కూడా వద్దన్నారు. వండే ముత్తైదువలు ఎవరెవరో పెదనాన్న వేళ్ళ మీద చెబుతుంటే, అమ్మ వెనక నుంచి మెల్లగా అంది:

"బావా, నానూ ఓ సెయ్యేస్తాను."

"నీకెందుకు మరదలా? అమ్మోరికి సూపించి ఎత్తే కుండలు. ముత్తైదులే ముట్టాల. నువ్వు కొండ మీద సుబ్బరంగా ఊడువు, సాలు."

పెదనాన్న కటువుగా అనలేదు. ఆ మాట మాకు కొత్త కాదు కూడా. కానీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంటికొచ్చి గిన్నెలు చప్పుడు చేస్తూ తోముతుంటే అమ్మే నన్ను ఊరుకోబెట్టింది.

"ఊరుకోయే. ఎవుల సేత్తో ఎడితే ఏటి, ఆళ్ళు తింటే సాలు." మళ్ళీ నాకు కాదన్నట్టు గోడ వైపు చూస్తూ అంది: "ఒక్క ముద్ద నా సేత్తో ఏత్తే బాగున్ను. ఇన్నేళ్ళు ఆళ్ళ గదులు ఊడిసేను."

వాళ్ళొచ్చే రోజు అమ్మ తెల్లారకుండానే కొండెక్కేసి, ఎండుటాకు లేకుండా ఊడ్చింది. పదింటికి భిక్షువులు వచ్చారు. ముదురు కాషాయం, భుజానికి గుడ్డసంచిలో నల్లటి గిన్నె, కాళ్ళకి చెప్పులు లేవు. అందరిలోకీ పెద్దాయన బాగా ముసలివాడు. స్తూపం చుట్టూ తిరిగి, నేల మీద కూర్చుని, గొంతు కలిపి సూత్రాల పాఠం మొదలుపెట్టారు. ఆ గొంతులు మోగుతుంటే ఎప్పుడూ వాగే నా నోరు మూతపడిపోయింది. నేను రోజూ "ఇక్కడ చదివేవారు" అని చెప్పే చోట నిజంగానే చదువుతున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ చీపురు వెనక్కి దాచుకుని నిలబడింది.

పదకొండయింది. కుండలు రాలేదు. కొండ అంచుకెళ్ళి కిందకి చూశాను. పేటంతా రోడ్డు మీదే ఉంది. డప్పులు, జెండాలు, వరసగా ఆడవాళ్ళు, వాళ్ళ నెత్తిన పసుపు పూసిన కుండలు. కుండలు గుడి దగ్గర ఎత్తారు, మంచిదే. అక్కణ్ణుంచి తిన్నగా కొండెక్కాలి కదా! పేట పరువు నలుగురూ చూడాలని ఊరేగింపు కట్టారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతున్నారు, ప్రతి గుమ్మంలోంచీ ఒక చెంబు నీళ్ళు కుండలు మోసేవాళ్ళ కాళ్ళ మీద పడుతున్నాయి, అక్కడో కాసేపు డప్పు. పెదనాన్నకి ఫోన్ చేస్తే డప్పు వినిపించింది తప్ప పెదనాన్న వినిపించలేదు. అయిదోసారికి ఎత్తాడు.

"వత్తన్నాం, వత్తన్నాం!"

"ఆటోలో ఎట్టి పంపించీ పెదనాన్నా! టైమైపోతంది!"

"అమ్మోరి కాడ ఎత్తిన కుండ దారిలో దించుతారేటే? తప్పు! నడిసే వత్తన్నాం!"

అంతే, మళ్ళీ డప్పు.

పాఠం ముగిసింది. భిక్షువులు లేచి, సంచుల్లోంచి గిన్నెలు తీసుకుని, భోజనశాల గోడ పక్కన చెట్టు నీడలోకి వచ్చారు. ముసలాయన ముందు, మిగతావాళ్ళు వరసగా వెనక. ఎవరూ కూర్చోలేదు. తెలుగాయన గడియారం చూసుకున్నాడు. ఇంకా అరగంట కూడా లేదు. డప్పుల చప్పుడు అప్పుడే రోడ్డు దాటి కొండ మొదట్లోకి వచ్చినట్టుంది. కుండలు నెత్తిన పెట్టుకుని ఆ ఎత్తు ఎక్కాలంటే అరగంట చాలదు.

"మీ వాళ్ళు పెడతారన్నారనే పొట్లాలు వద్దన్నాను" అన్నాడాయన. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆ ముసలాయన మర్నాటి దాకా పస్తుంటాడు. మా పేట పిలిచి పస్తు పెట్టిందనే మాట ఉండిపోతుంది.

అప్పుడు అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒలే, సూడే. కూరకి నిలబడ్డారే."

చూశాను. ముసలాయన గిన్నెని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, చూపు కిందకి దించి, వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాడు. చాపలేదు, అడగలేదు. చిన్నప్పటి నుంచీ ఇసుక మీద నేను చూసిన నిలబడ్డమే అది.

"ఆళ్ళు అడగరే. మనమే ఎయ్యాల" అంది అమ్మ. చీపురు కింద పడేసి, చెట్టు కొమ్మకి తగిలించిన కేరేజీ తెచ్చింది. మా ఇద్దరికీ మధ్యాహ్నానికని తెచ్చిన అన్నం. కింద గిన్నెలో ముందురోజు పొద్దున వండిన ఎండు నెత్తళ్ళు, వంకాయ ఇగురు. పేటలో నీచు బందయినా, ఉన్న కూర పారబొయ్యడం మా ఇంట్లో లేదు. మూత తియ్యబోయి ఆగిపోయింది.

"సేపలే ఇవి. సాములకి ఎలాగే?"

నేను తెలుగాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన కేరేజీ వైపు చూసి, "గిన్నెలో పడ్డది తింటారు. వద్దనరు. వాళ్ళ కోసమని చంపింది మాత్రం కాకూడదు" అన్నాడు.

అమ్మ ఆ మాట విని తలెత్తింది. "ఆళ్ళ కోసం కాదు బాబూ. నా కోసం వండుకున్నాను."

మూత తీసింది. ఎండుచేపల వాసన భోజనశాల అంతా నిండింది. అమ్మ తొట్టి పక్కన చేతులు కడుక్కుని, ముసలాయన ముందుకెళ్ళి, అన్నం ముద్ద కలిపి ఆ నల్లటి గిన్నెలో వేసింది. పక్క గిన్నెలో ఒకటి, ఆ పక్క గిన్నెలో ఒకటి. అది చూసి, అమ్మతో ఊడ్చే ఇద్దరూ తమ కేరేజీలు విప్పారు. ఒకరి దాంట్లో పప్పు, ఇంకొకరి దాంట్లో ఆవకాయన్నం. అయిదు గిన్నెల్లోనూ అన్నీ పడ్డాయి. కేరేజీలు ఖాళీ అయ్యాయి.

భిక్షువులు నేల మీద కూర్చుని తిన్నారు. ముసలాయన నెత్తళ్ళు నములుతూ ముఖం చిట్లించలేదు, ముచ్చటపడనూ లేదు. తిన్నాడంతే. చివర గిన్నెని వేళ్ళతో తుడిచి తిన్నాడు, అచ్చం మా పేట ముసలాళ్ళలా. తర్వాత అయిదుగురూ కలిసి అమ్మ వైపు తిరిగి చిన్న పాఠం చదివారు. ఎలా నిలబడాలో తెలియక అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పెళ్ళిపీటల మీద పిల్లలా తలొంచుకుంది. అంత గర్వం నాకు డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా కలగలేదు.

ఎండ నడినెత్తి దాటాక పేట కొండెక్కింది. డప్పు వాళ్ళకి చేతులు పడిపోయాయి, ఆడవాళ్ళకి మెడలు పడిపోయాయి. ముందు పెదనాన్న, కొత్త తలపాగాతో, చెమటతో.

"సాములేరీ? రమ్మను, కూకోమను!"

తెలుగాయన మెల్లగా విషయం చెప్పాడు. పొద్దు దాటింది, ఇక తినరు. డప్పు ఆగిపోయింది. కుండలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు అలాగే నిలబడిపోయారు. పేట పరువంతా తన తలపాగాలోనే ఉన్నట్టు పెదనాన్న రెండు చేతులతోనూ దాన్ని పట్టుకున్నాడు.

"అయితే పస్తేనా? మన పేట పిలిసి పస్తెట్టీసిందా?"

"పస్తు కాదు బావా. తినీసేరు" అంది అమ్మ.

"ఏటి తిన్నారు?"

అమ్మ తల దించుకుంది. "నా కేరేజీలో కూడు. ఎండు నెత్తళ్ళు."

పేట మొత్తం పెదనాన్న వైపు తిరిగింది. నీచు, పైగా మొగుడు పోయిన మనిషి చేతి కూడు. పెదనాన్న ఒక్క మాట తూలితే కడిగి పారేద్దామని నేను కొంగు బిగించాను. నాకు అది బాగా వచ్చు.

ఆయన అమ్మ వంక చూడలేదు. గోడ వారన నీడలో కూర్చున్న ముసలి భిక్షువు వంక, ఆయన పక్కన తుడిచి బోర్లించిన గిన్నె వంక చూశాడు. "ఎలా అడిగేరు?" అన్నాడు.

"అడగనేదు బావా. కూరకి నిలబడ్డట్టు నిలబడ్డారు. నాను ఎట్టీసేను."

పెదనాన్న తలపాగా మీంచి చేతులు తీశాడు. ఎన్ని వందలసార్లు ఆయన చేత్తోనే మా అమ్మ గిన్నెలో చేపలు పడ్డాయో, పద్ధతి ప్రకారం ఆయన గుర్తు పెట్టుకోకూడదు. మేమూ గుర్తు పెట్టుకోకూడదు. కానీ ఆ క్షణంలో ముగ్గురికీ గుర్తొచ్చింది.

"అయితే మన కూరే ముందెక్కీసింది కొండ" అన్నాడు. తర్వాత అడిగాడు: "మరి నువ్వేటి తిన్నావు?"

"ఏదీ, ఆళ్ళకే సరిపోయింది."

ఎత్తిన కుండ ఊరికే దించకూడదు, దించగానే ఒకరి విస్తరి నిండాలి. అది మా ఆనవాయితీ. పెదనాన్న కట్టలోంచి ఒక విస్తరి తీసి, నీళ్ళు చిలకరించి, భోజనశాల గోడ పక్కన, ముసలి భిక్షువుకి ఎదురుగా పరిచాడు.

"కూకో మరదలా."

"నానా? ఒద్దు బావా, అమ్మోరి కుండలు..."

"అమ్మోరే కూకోమంది. కూకో."

అమ్మ కూర్చుంది. పెదనాన్న తలపాగా తీసి నడుముకి కట్టుకుని, మొదటి కుండ తనే దించి, వంగి వడ్డించాడు. పులిహోర, పప్పు, దప్పళం, పరమాన్నం. పేట పెద్ద వంగి ఒక ఆడమనిషికి వడ్డించడం నేను పుట్టి ఎరగను. ఎవరూ చెప్పకుండానే డప్పు వాళ్ళు ఒక దెబ్బ వేశారు. పేటంతా చుట్టూ నిలబడి చూస్తుంటే అమ్మ పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది.

"ఎలాగుంది?" అన్నాడు పెదనాన్న.

"ఉప్పు తగ్గింది బావా. నన్నూ పిలిసుంటే సరిపోయీది."

ముందు నవ్వింది పెదనాన్నే. ఆ తర్వాత కొండంతా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా ముసలి భిక్షువు కూడా నవ్వాడు.

ఇప్పుడు భోజనశాల దగ్గరికి రాగానే సందర్శకులు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు, భిక్షువులు ఇక్కడ ఆఖరిసారి ఎప్పుడు తిన్నారండీ అని. వెయ్యేళ్ళో, అంతకు ముందో అంటాననుకుంటారు. మొన్న చలికాలంలో అంటాను. నమ్మరు. ఎవరు పెట్టారంటారు. నేను గదుల వైపు చెయ్యి చూపిస్తాను. అక్కడ మా అమ్మ చీపురు పట్టుకుని, గోడ లేని ఒక గది ముందు, లోపలికి అడుగు పెట్టేముందు ఆగి ఉంటుంది.

"అదిగో, ఆవిడే" అంటాను.